పునుగు పిల్లి ఫోటో పట్టికలోకి ఎక్కేదాకా

శేషాచలం కొండల్లో కట్టిన, ఎదుట ఏదైనా కదిలితే తానే ఫోటో తీసే ట్రాప్ కెమెరాలో ఒక ఫోటో పడిందనుకుందాం. నలుపు తెలుపు బొమ్మ. తల ఫ్రేము దాటిపోయింది. మిగిలింది సగం ఒళ్ళు, పొడుగాటి తోక. కింద అంచున తేదీ, టైము, ఉష్ణోగ్రత. తిరుపతి వాళ్ళకు పునుగు పిల్లిని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు, శుక్రవారం అభిషేకం తర్వాత శ్రీవారికి పూసే పునుగు తైలం దాని నుంచి వచ్చేదే. కానీ ఈ ఫోటోలో ఉన్నది నిజంగా పునుగు పిల్లేనా? ఎక్కడ తిరిగింది, ఎప్పుడు తిరిగింది? ఎన్ని రాత్రులు కాపు కాస్తే ఒకసారి కనబడింది? ఈ నాలుగూ తేలితేనే అది డేటా. తేలకపోతే వాట్సాప్‌లో పంపుకునే బొమ్మ.

జువాలజీయో ఫారెస్ట్రీయో చదివి వన్యప్రాణి టెక్నీషియన్ పనిలోకి వచ్చే పిల్లలు అడవిని ఊహించుకుని వస్తారు. అడవి ఉంటుంది, కాదనను. కాకపోతే కంప్యూటర్ ముందు కూర్చునే పూటలే ఎక్కువ. జంతువుకు మేలు జరిగినా కీడు జరిగినా అక్కడే. ఉన్న చోట లేదని పట్టిక చెప్పిందంటే రేపు ఆ చోటికి రోడ్డు వచ్చినప్పుడు అడ్డం చెప్పే కాగితం ఉండదు. లేని చోట ఉందని చెప్పిందంటే ఉన్న కొద్దిమంది వాచర్లూ అక్కడ ఊరికే తిరుగుతారు. అందుకే ఈ పనిని గుమాస్తా పని అనుకోవద్దంటాను.

కెమెరా కట్టే దగ్గర మొదలుపెడదాం. చిరుత కోసమైతే మోకాలి ఎత్తు, అంటే నేల నుంచి 30 నుంచి 45 సెంటీమీటర్లు. పునుగు పిల్లి, మూషిక జింక లాంటి చిన్న ప్రాణులు కూడా కావాలంటే 30కి మించనివ్వొద్దు. జంతువు నడిచే బాటకు 3, 4 మీటర్ల దూరం. అంతకన్నా దగ్గరైతే రాత్రి ఫ్లాష్‌కు ఒళ్ళంతా తెల్లగా కాలిపోయి మచ్చలు మాయమవుతాయి. మరీ దూరమైతే సెన్సార్‌కు అందదు. ముఖం ఉత్తరానికో దక్షిణానికో ఉండాలి, తూర్పుకో పడమరకో తిప్పితే ఎండ నేరుగా లెన్సులో పడుతుంది. చిరుతలను ఒక్కొక్కదాన్ని విడిగా గుర్తించాలంటే బాటకు రెండు పక్కలా రెండు కెమెరాలు కావాలి, ఎందుకంటే దాని కుడి పక్క మచ్చలు వేరు, ఎడమ పక్క మచ్చలు వేరు. ఆ రెంటినీ సూటిగా ఎదురెదురుగా పెడితే ఒకదాని ఫ్లాష్ ఇంకోదాని కంట్లో కొడుతుంది. ఒకదాన్ని అర మీటరు పక్కకు జరపాలి.

సెన్సార్ జంతువును చూడదు, కదిలే వేడిని చూస్తుంది. చుట్టూ ఉన్న వేడికీ ఒంటి వేడికీ తేడా ఉంటేనే దానికి తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటాక ఎదుటి బండరాయీ, దాని ముందు నడిచే జంతువూ సెన్సార్‌కు ఒకటే. కెమెరా మూగబోతుంది. అదే ఎండలో కాలిన బోద గడ్డి గాలికి ఊగితే మాత్రం టపటపా వందల ఫోటోలు తీసి కార్డు నింపేస్తుంది. కాబట్టి ఎండాకాలం పగటిపూట ఏ జంతువూ పడలేదంటే అవి తిరగలేదని రాసేయకూడదు. కెమెరా ముందు రెండు మూడు మీటర్ల మేర గడ్డి కోసేయడం, బండ మీదికి గురి పెట్టకపోవడం, ఈ రెండిటితో సగం బాధ తగ్గుతుంది. డబ్బాలోకి చీమలు చేరి గూడు పెట్టడం ఇంకో తలనొప్పి, మూత అంచున రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడాలి. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యంలో అయితే ఏనుగులున్నాయి. ఎలుగులు నమిలి వదిలేస్తాయి గానీ ఏనుగు మాత్రం పట్టీతో సహా పీకేస్తుంది. అక్కడ ఇనుప పెట్టె, స్టీలు కేబుల్ లేకుండా కట్టడం దండగ.

బ్యాటరీలు పాతవీ కొత్తవీ కలిపి వేయొద్దు. ఎనిమిదింటిలో ఒక్కటి డౌన్ అయినా మొత్తం పడిపోతుంది. రాత్రి ఫ్లాష్‌కే ఎక్కువ కరెంటు కావాలి కాబట్టి నీరసించిన బ్యాటరీలతో పగటి ఫోటోలు బాగానే వస్తూ రాత్రివి మాత్రం ఆగిపోతాయి. అప్పుడు పునుగు పిల్లి లాంటి రాత్రి జంతువు ఆ స్టేషన్‌లో, అంటే ఆ కెమెరా కట్టిన చోట, లేనట్టే కనిపిస్తుంది.

కెమెరా కట్టాక కదిలే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి పట్టేది ఒక్క నిమిషం. పలక మీద స్టేషన్ నంబరు, ఆ రోజు తేదీ, చేతి గడియారంలోని టైము సుద్దముక్కతో పెద్దగా రాసి, జీపీఎస్ తెరను పలక పక్కన పట్టుకుని కెమెరా ముందు కూర్చోవాలి. ఫోటో పడుతుంది. తీసేసే రోజు మళ్ళీ అలాగే. ఈ రెండు పలక ఫోటోలే తర్వాతి తప్పులన్నిటికీ మందు. కార్డులు తారుమారైనా, కవరు మీద రాత చెమటకు చెరిగిపోయినా, కెమెరా గడియారం తప్పినా, ఏది ఏ స్టేషన్‌దో ఫోటోలోనే ఉంటుంది. జీపీఎస్‌లో ఖచ్చితత్వం 5 మీటర్ల లోపుకు దిగేదాకా ఆగాలి. లోయల్లో, నిలువు బండల కింద సిగ్నల్ రాతికి తగిలి వస్తుంది కాబట్టి దిగదు. దిగకపోతే తెర మీద ఎంత చూపిస్తే అంత రాసుకోవాలి, 18 మీటర్లు అంటే 18 మీటర్లే.

గడియారం తప్పు రెండు రకాలు. బ్యాటరీలు మార్చేటప్పుడు తేదీ ఫ్యాక్టరీ పెట్టిన పాత సంవత్సరానికి వెళ్ళిపోవడం ఒకటి. అది చూడగానే తెలుస్తుంది కాబట్టి ప్రమాదం లేదు. రెండోది ఉదయం, సాయంత్రం తారుమారు కావడం, ఇది చల్లగా లోపలికొచ్చి కూర్చుంటుంది. పలక మీద ఫిబ్రవరి 14 ఉదయం 10:20 అని ఉంది, ఫోటో అంచున 22:20 అని ఉంది అంటే కెమెరా 12 గంటలు ముందుంది. ఆ స్టేషన్ ఫోటోలన్నిటికీ 12 గంటలు తీసేయాలి. ఒక్కొక్క ఫోటోకూ చేత్తో దిద్దకూడదు, ఫోటో వివరాలు మార్చే ఎగ్జిఫ్‌టూల్ లాంటి ప్రోగ్రాముతో ఒకే తేడాను ఒకేసారి వేయాలి. కెమెరా చెప్పిన అసలు టైమును వేరే గడిలో అలాగే ఉంచాలి. పలక ఫోటో లేదంటే ఇంకో దారి ఉంది. మిట్ట మధ్యాహ్నం అని చెబుతున్న ఫోటో నలుపు తెలుపులో ఉన్నా, రాత్రి రెండు గంటలన్న ఫోటో రంగుల్లో ఉన్నా గడియారం తప్పినట్టే. పునుగు పిల్లి పట్టపగలు 12 గంటలకు తిరిగిందని పట్టిక చెబితే కొత్త సంగతి కనుక్కున్నామని సంబరపడే ముందు ఇది చూడండి.

కార్డు చేతికి వచ్చాక అడవిలో దేన్నీ డిలీట్ చేయొద్దు, ఖాళీ ఫోటోలైనా సరే. ఆఫీసుకు చేరాక స్టేషన్ పేరుతో ఫోల్డర్ చేసి కాపీ చేయాలి. కార్డులో ఎన్ని ఫైళ్ళు, ఎన్ని బైట్లు ఉన్నాయో కాపీలో కూడా అన్నే ఉన్నాయా అని చూసి, ఇంకో డిస్కులోకి రెండో కాపీ పెట్టాకే కార్డును కెమెరాలో ఫార్మాట్ చేయాలి. కెమెరాలన్నీ ఫోటోలకు ఒకే తీరు పేర్లు పెడతాయి, ఐఎంజీ 0001 నుంచి. రెండు కార్డులను ఒకే ఫోల్డర్‌లో వేసి వచ్చిన హెచ్చరికను చదవకుండా ఓకే కొడితే మొదటి కార్డు పోయినట్టే. అందుకని కాపీ కాగానే స్టేషన్, తేదీ, టైము, వరస సంఖ్య కలిపి ఫైలు పేర్లు మార్చాలి. ఒరిజినల్ ఫోల్డర్‌ను ఎవరూ మార్చడానికి వీల్లేకుండా లాక్ చేసి పక్కన పెట్టాలి.

ఇప్పుడు ఫోటో చూద్దాం. వేలల్లో ఖాళీ ఫోటోలుంటే మెగాడిటెక్టర్ అనే సాఫ్ట్‌వేర్ వాడొచ్చు. అది జంతువా, మనిషా, వాహనమా అని మాత్రం చెబుతుంది, ఏ జంతువో చెప్పదు. అది ఎంత నమ్మకంగా చెబితే ఒప్పుకోవాలో మనం పెట్టే నమ్మకపు గీతను మరీ పైన పెడితే దేవాంగ పిల్లి (స్లెండర్ లోరిస్), మూషిక జింక లాంటి చిన్నవన్నీ ఖాళీల్లోకి పోతాయి. ఖాళీ అని పక్కన పెట్టిన వాటిలోంచి కొన్ని వందలు ఎక్కడపడితే అక్కడ తీసి కంటితో చూడనిదే ముందుకు పోవద్దు. మనుషులు పడ్డ ఫోటోలను వేరు చేసి తాళం వేయాలి. నడక దారి భక్తులూ, కట్టెలకొచ్చే ఆడవాళ్ళూ మన డేటా కాదు.

పునుగు పిల్లికీ, దాన్ని పోలి ఉండే మానుపిల్లికీ రాత్రి ఫోటోలో తేడా పట్టేది తోక. పునుగు పిల్లి తోక మీద నల్లటి కట్లు వరసగా ఉంటాయి, ఒంటి మీద చుక్కలు బారులు తీరి వీపు దగ్గర గీతల్లా కలుస్తాయి. మానుపిల్లి తోకకు కట్లుండవు, మొత్తం ముదురు రంగు. ముఖం పడితే దాని కళ్ళ చుట్టూ ముసుగు వేసినట్టు నలుపు, పక్కన తెల్లటి మచ్చలు. ఎక్కడ తప్పు పోతుందంటే, పునుగు పిల్లి కెమెరాకు బాగా దగ్గరగా వచ్చినప్పుడు ఫ్లాష్ వెలుగుకు కట్లు వెలిసిపోతాయి, కొస మాత్రం కనిపిస్తుంది. అప్పుడు ముందు వెనక ఫోటోలు చూడాలి. కెమెరా ఒక కదలికకు మూడేసి తీస్తుంది, మొదటిదాంట్లో కాలిపోయిన తోక మూడోదాంట్లో దూరం జరిగి తేటగా పడి ఉండొచ్చు. అప్పటికీ తేలకపోతే ‘పునుగు జాతి, తేలలేదు’ అని రాయడమే మర్యాద. అది ఓటమి కాదు. ఒకరి గుర్తింపు ఇంకొకరికి చూపించకుండా ఇద్దరు విడివిడిగా చూడాలి, కలవని వాటిని మూడో మనిషి చూడాలి. సీనియర్ అన్నాడని మార్చిన పేరు అందరికన్నా పెద్ద తప్పు, ఎందుకంటే తర్వాత దాన్ని ఎవరూ అడగరు.

పేరు గడి దగ్గర ఇంకో మాట. వాచర్లు, యానాది ట్రాకర్లు చెప్పే తెలుగు పేర్లను తప్పక రాసుకోవాలి, కానీ వాటి మీదే ఆధారపడకూడదు. కొండగొర్రె అంటే ఒకరికి నాలుగు కొమ్ములది, ఇంకొకరికి మొరిగే జింక. అందుకే విన్న పేరు ఒక గడిలో, శాస్త్రీయ నామం ఇంకో గడిలో. శాస్త్రీయ నామమూ శాశ్వతం కాదు. మూషిక జింకను పాత లిస్టులు మెమిన్నా అన్నాయి, 2005లో దాన్ని లంక జాతి నుంచి విడదీశాక మనది మోస్కియోలా ఇండికా. పాత వరసను దిద్దేయకుండా అప్పుడు రాసిన పేరును అలాగే ఉంచి, పక్కన ఇప్పటి పేరు చేర్చాలి.

ఒకే పిల్లి కెమెరా ముందు కూర్చుని ఒళ్ళు నాకుతూ 15 ఫోటోలు దిగితే అవి 15 రికార్డులు కావు. ఒకే స్టేషన్‌లో ఒకే జాతి 30 నిమిషాల లోపు మళ్ళీ పడితే ఒకే సంఘటనగా లెక్కేయడం ఎక్కువమంది పాటించే పద్ధతి. ఎన్ని నిమిషాలు పెట్టుకున్నారో షీటులో రాసి ఉండాలి.

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ, అందరూ వదిలేసేదీ కనబడని రోజుల లెక్క. 40 స్టేషన్లు, 25 రోజులు, ఒక కెమెరా ఒక రాత్రి కాస్తే ఒక కెమెరా రాత్రి, అంటే కాగితం మీద 1000 కెమెరా రాత్రులు. వాటిలో 6 స్టేషన్లు తలా 10 రోజులు ఆగిపోయాయి. నిజంగా కాపు కాసింది 940. పునుగు పిల్లి 47 సార్లు పడింది. వంద రాత్రులకు 4.7 కాదు, 5.0. ఈ ఏడు 1000తో, వచ్చే ఏడు నిజమైన లెక్కతో భాగించారనుకోండి, పిల్లులు పెరిగాయని రిపోర్టు వస్తుంది. పెరిగింది పిల్లులు కాదు, మన జాగ్రత్త. కాబట్టి ఫోటోల షీటుతో పాటు స్టేషన్ల షీటు ఒకటి విడిగా ఉండాలి. ఎప్పుడు కట్టారు, ఎప్పుడు తీశారు, చివరి ఫోటో ఏ తేదీది, ఎందుకు ఆగింది. కార్డు 12వ రోజుకే నిండితే ఆ స్టేషన్ 12 రాత్రులే పని చేసింది. ఆ 12 రాత్రుల్లో పిల్లి పడకపోతే సున్నా వేయాలి. మిగతా 13 రాత్రులకు ఖాళీ వదలాలి. సున్నా వేరు, ఖాళీ వేరు. చూశాం, లేదు అని సున్నా చెబుతుంది. చూడలేదు అని ఖాళీ చెబుతుంది. ఖాళీలన్నీ కనిపెట్టి సున్నాలతో నింపే అలవాటు ఉన్నవాళ్ళకు ఈ ఫైలు ఇవ్వకండి.

చోటు రాయడం తేలిక అనిపిస్తుంది. జీపీఎస్ 13 డిగ్రీల 40 నిమిషాల 30 సెకన్లు, 79 డిగ్రీల 20 నిమిషాల 40 సెకన్లు అని చూపిస్తుంది. ఎంట్రీ చేసేవాళ్ళు 13.4030, 79.2040 అని కొడతారు. నిజానికది 13.6750, 79.3444. తిరుమల కొండ మీది పిల్లి 30 కిలోమీటర్లకు పైగా దాటి పాకాల వైపు దిగిపోయింది. మ్యాపు మీద అక్కడ కూడా భూమే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. దీనికి ఒక గుర్తుంది. ఒక షీటులో చుక్క తర్వాతి మొదటి రెండు అంకెలు ఎక్కడా 59 దాటలేదంటే ఎవరో నిమిషాలనే దశాంశాలుగా కొట్టారు. జీపీఎస్‌ను మొదటే దశాంశ డిగ్రీలకు, జీపీఎస్‌లు వాడే కొలత ఆధారం డబ్ల్యూజీఎస్ 84కు పెట్టుకుంటే ఈ గొడవే లేదు. పాత టోపోషీట్ (సర్వే మ్యాపు) నుంచి తీసిన చోటైతే ఎవరెస్ట్ డేటమ్ అనే పాత కొలత ఆధారంలో ఉంటుంది, మార్చకుండా వాడితే వంద మీటర్ల పైచిలుకు పక్కకు జరగవచ్చు. తిరుపతి, చిత్తూరు రెండూ 57 ఓ టోపోషీటులో, చోటును మీటర్లలో చెప్పే యూటీఎం పద్ధతిలో 44వ జోన్‌లో వస్తాయి. 78 డిగ్రీల రేఖ దాటి అనంతపురం వైపు పోతే జోన్ 43 అవుతుంది, రెండు జోన్ల అంకెలు ఒకే గడిలో కలపకూడదు.

జిల్లా గడిని నమ్మొద్దు. బంగారు బల్లిని 1870లో బెడ్డోమ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త వర్ణించినప్పుడు ఈ కొండలు ఉత్తర ఆర్కాటులో ఉన్నాయి. 1911లో చిత్తూరు జిల్లా వచ్చింది, 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా అయింది. బల్లి ఉన్న బండ మాత్రం కదల్లేదు. చిత్తూరు జిల్లా అని వెతికి పాత కొత్త సంఖ్యలు పోల్చితే తిరుమల జంతువులన్నీ 2022లో మాయమైనట్టు వస్తుంది. ఏ జాతి ఏ జాబితాలో ఉందో చెప్పే వన్యప్రాణి చట్టం షెడ్యూళ్ళూ అంతే. 2022 సవరణతో ఆరు షెడ్యూళ్ళు నాలుగయ్యాయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. షెడ్యూల్ 1 అని రాస్తే పాతదా కొత్తదా అన్నది పక్కనే ఉండాలి.

ఎక్సెల్ గురించి రెండు ముక్కలు. రేఖాంశం ఉన్న గడిని మూల పట్టుకుని కిందికి లాగితే కాపీ అవుతుందనుకుంటారు. అది ఒక్కొక్కటి పెంచుకుంటూ పోయే సందర్భాలున్నాయి, 79.34 కింద 80.34, దాని కింద 81.34. పిల్లులు వరసగా బంగాళాఖాతంలోకి నడుస్తాయి. 03/07 అన్నది మార్చి 7గా మారిందో జూలై 3గా మిగిలిందో మీ కంప్యూటర్ సెట్టింగును బట్టి ఉంటుంది, కాబట్టి సంవత్సరం, నెల, రోజు మూడు గడులుగా పెట్టండి. తెలుగు పేర్లున్న షీటును సీఎస్‌వీగా దాచేటప్పుడు యూటీఎఫ్ 8 ఎంచుకోకపోతే దేవాంగ పిల్లి ప్రశ్నార్థకాల బారుగా మారుతుంది.

ఇక ఇతరులకు ఇచ్చే వంతు. ప్రపంచమంతటి జీవజాతుల రికార్డులు అందరికీ అందించే జీబిఫ్ లాంటి చోట పెట్టాలంటే డార్విన్ కోర్ అనే ఉమ్మడి ప్రమాణంలోని పేర్లతో గడులుండాలి. ట్రాప్ కెమెరా రికార్డును మెషీన్ అబ్జర్వేషన్ అనీ, కంటితో చూసినదాన్ని హ్యూమన్ అబ్జర్వేషన్ అనీ రాయాలి. ఇందాక రాసుకున్న 18 మీటర్లు కూడా అక్కడికే చేరుతుంది, చోటులో అనిశ్చితి ఎన్ని మీటర్లో అడిగే గడి ఉంది. కానీ అన్ని జాతుల చోట్లూ బయటపెట్టకూడదు. మన అడవుల్లో దొంగలు వెతికేవి ఎర్రచందనం, నక్షత్ర తాబేలు, అలుగు, దేవాంగ పిల్లి. వీటి చోటును బయటికిచ్చే కాపీలో ఒక దశాంశానికి కుదించాలి, అంటే సుమారు 11 కిలోమీటర్ల గడి. కుదించామని పక్కన రాయాలి. అసలు అంకెలున్న ఫైలు ఎవరెవరి దగ్గర ఉందో ఒక పుస్తకంలో ఉండాలి.

ఫోన్‌తో తీసిన ఫోటోలోనూ చోటు దాగి ఉంటుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరం తొలగిపోతుంది, క్వాలిటీ తగ్గకూడదని డాక్యుమెంటుగా పంపితే అలాగే వెళ్తుంది. నక్షత్ర తాబేలు దొరికిన ఆనందంలో గ్రూపులో పెట్టే ముందు ఫోటో వివరాల్లోకి వెళ్ళి లొకేషన్ తీసేయండి. గ్రూపులో ఎవరెవరున్నారో అడ్మిన్‌కే సరిగ్గా తెలియదు.